పిలవని పేరు

పోయిన నెల ఒక పెళ్లికని ఆ నగరానికి వెళ్లినప్పుడు, మా కారు కొండ కిందున్న సొరంగ మార్గంలోకి దిగింది. రెండు పక్కలా దీపాలు, పైన పెద్ద పెద్ద ఫ్యాన్లు, రెండు నిమిషాల్లో అవతలి వెలుగు. ఇరవై ఏళ్ల కిందట ఆ రాయి తొలిచినవాళ్లలో నేనూ ఒకణ్ణని డ్రైవరుతో చెబుదామనుకున్నాను గాని, పైన తిరిగే ఫ్యాన్లనే చూస్తూ కూర్చున్నాను. బాధ కూడా కలగలేదు. తిమ్మిరెక్కిన చేతిని గిల్లుకున్నట్టుంది, అంతే.

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఆ పనికి చాలామందిమి వెళ్లాం. సొరంగం పైన ఇళ్లు, ఒక బడి, బస్సులు తిరిగే రోడ్డు ఉండేవి గనక అక్కడ రాయి పేల్చడమంటే అడవిలో పేల్చినట్టు కాదు. మందు కొద్దికొద్దిగా కూరాలి, పైనున్న ఇళ్ల గోడలు ఎంత అదిరాయో యంత్రంలో చూసుకోవాలి, పోలీసులు రోడ్డు ఆపిన పావుగంటలోపే పేల్చాలి, అది దాటితే ఆ రోజుకు పని లేనట్టే. పేల్చే ముందు లోపలివాళ్లంతా బయటికొచ్చి నిలబడితే, జాబితా పట్టుకుని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవడం నా ఉద్యోగం. మనిషి పలికితేనే టిక్కు పెట్టాలి, చూసి పెట్టకూడదు.

ఆ జాబితాలో మా మామగారు కూడా ఉన్నారు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పని మానేశాక, నేనే ఆయన్ను తీసుకెళ్లి, లోపల ఊరే నీటిని తోడే పంపు దగ్గర పెట్టించాను. పిల్లనిచ్చిన మామను పదిమందిలో పేరు పెట్టి ఎలా పిలవను? ఆయన వంతు వచ్చేసరికి తలెత్తి, ఆయన తలకు చుట్టుకునే ఎర్ర తువ్వాలు గుంపులో ఎక్కడుందో చూసి టిక్కు పెట్టేసేవాణ్ణి. మావాళ్లు ఊరుకునేవారా, "ఏటి బాబూ, మావ పేరెత్తితే నోరు కాలిపోతాదేటి?" అని ఏడిపించేవారు. మామగారు నవ్వి, "అల్లుడి నోట నా పేరొచ్చినాదంటే మా ఇంటిది నాకు కూడెట్టదురా!" అనేవారు. నాకు గర్వంగా ఉండేది.

ఆ మధ్యాహ్నం పైన రోడ్డు అప్పటికే ఆపేశారు. ఇంజనీరు గడియారం చూపించి కసురుతున్నాడు. ఎర్ర తువ్వాలు కనిపించింది, టిక్కు పెట్టాను, అందరూ బయటే ఉన్నారని సంతకం చేశాను. రాయి పేలింది. పొగ ఇంకా వస్తుండగానే, ఎర్ర తువ్వాలు తలకు చుట్టుకున్న మనిషి నా దగ్గరికొచ్చి, "మీ మావేడి? తువ్వాలు ఇచ్చీమన్నాడు," అన్నాడు. చెమట తుడుచుకోమని అతనికిచ్చి, మామగారు పంపు దగ్గరే ఉండిపోయారట. ఆ హోరులో సైరను వినపడలేదు.

పంపు పక్కకు తొలిచిన గదిలో ఉండబట్టి ప్రాణం దక్కింది. చెవులు రెండూ పోయాయి.

విచారణకు వచ్చిన అధికారి ప్రశ్నలు కాగితం మీద రాసి చూపిస్తే, ఆయన తన గొంతు తనకే వినపడక అరిచినట్టు చెప్పారు: "అల్లుడు పిలిసినాడు బాబూ. నాను పలికీసి మల్లీ లోపలికెల్లిపోనాను. తప్పు నాదే." నేను పక్కనే నిలబడి ఉన్నాను. కాదనడానికి ఒక్క మాట చాలు, ఆ మాట అనలేదు. నా ఉద్యోగం నిలిచింది, ఆయన్ను నెల్లిమర్ల పంపేశారు. తండ్రి అజాగ్రత్తే అనుకుని మా ఆవిడ ఏళ్ల తరబడి ఆయన్ను విసుక్కుంటుంటే కూడా నేను నోరు విప్పలేదు.

ఆయన పోయే ముందు ఏడాది, అరుగు మీద ఇద్దరమే ఉన్నప్పుడు, ఆయన వైపు తిరిగి పేరు పెట్టి గట్టిగా పిలిచాను. రెండుసార్లు పిలిచాను. నా పెదాలు కదలడం చూసి, "ఏటి బాబూ, కాఫీయా?" అన్నారు. అవునని తలూపాను.

ఇప్పుడు అల్లుళ్లు మామల్ని పేరు పెట్టే పిలుస్తున్నారు, మర్యాద పోయిందని నా ఈడువాళ్లు నొచ్చుకుంటుంటారు. నేను వాళ్లతో కలిసి తలూపలేను. ఏ ఇంట్లోనైనా అలాంటి పిలుపు చెవిన పడితే, లోపలినుంచి ఎవరో ఒకరు పలికేదాకా గుమ్మంలోనే ఆగిపోతాను.