మస్కట్ పొయ్యితో కుంటాలకు

కుంటాల జలపాతం చూడాలంటే వానలు తగ్గాక, నీళ్ళు సన్నబడకముందు వెళ్ళాలి. ఆ నడుమ ఉండేది నెల, మహా అయితే నెలన్నర. ఆ నెలన్నరలో మా ఆయనకు సెలవు దొరక్క రెండేళ్ళయింది.

ఆయన మస్కట్‌లో లారీ నడుపుతారు. రెండేళ్ళ కింద కార్గో డబ్బాలో సబ్బులు, పాలపొడి, ఒక దుప్పటితో పాటు అరచేతిలో ఇమిడే గ్యాసు పొయ్యి పంపారు. సెలవునాడు ఎడారిలోకి పోయి వండుకునేవాళ్ళ దగ్గర చూసి ముచ్చటపడ్డారట. "నేనొచ్చినంక కుంటాల పోదం. గక్కడ పాలు పొంగిద్దం. నేను రాకముందు వెలిగియ్యకు" అన్నారు ఫోన్లో. మా ఇళ్ళలో కొత్త పొయ్యి ఏదైనా ముందు పాలు పొంగాలి, తర్వాతే వంట. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సెలవు రాకముందే పొయ్యి వచ్చి కూర్చుంది. సెలవు మూడుసార్లు వచ్చినట్టే వచ్చి ఆగింది. ఈ అక్టోబరులో నాలుగోసారి ఆగింది. నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆ పొయ్యిని దాచుకున్న బీరువా మీద. ఆయనకు చెప్పకుండానే గురువారం పొద్దున బయల్దేరాను.

కరీంనగర్‌లో ఆరుంపావు బస్సు. ఆధార్ చూపిస్తే మన ఆడవాళ్ళకు జీరో టికెట్. ఒక మాట ముందే చెప్పాలి: పొయ్యిని సంచిలో వేసుకోవచ్చు గాని, దానికి బిగించే గ్యాసు డబ్బాను బస్సులో గాని రైల్లో గాని ఎక్కించకూడదు. నేను అడిగిన దుకాణాల్లో ఆ డబ్బా దొరకలేదు. ఆన్‌లైన్లో తెప్పించాల్సిందే. అందుకే దాన్ని నేరుగా నిర్మల్‌లో ఉన్న మా వదినె ఇంటికే రప్పించాను. వదినె అంటే మా ఆయన అక్క.

జగిత్యాలలో ఒక పెద్దమ్మ పక్కన కూర్చుంది. ఎటు పోతున్నావని అడిగి, ఆయన గల్ఫ్‌లో ఉన్నారని విని, తన గోడు మొదలుపెట్టింది. "నా కొడుకు దుబాయి నుంచి వచ్చి ఇరవై రోజులాయె బిడ్డా. గప్పుడే పరేషాన్ చేస్తుండు. ఫ్యాను మంచిగ తిరుగుతలేదంటడు, కూరల ఉప్పు లేదంటడు."

నవ్వాను గాని కుళ్ళు కూడా పుట్టింది. మా ఇంట్లో ఫ్యాను కూడా సరిగ్గా తిరగదు. ఆ మాట అనే మనిషే లేరు.

నిర్మల్ చేరేసరికి పదింబావు. వదినె సర్వపిండి కాల్చి పెట్టింది. గ్యాసు డబ్బాను మాత్రం ఇంట్లోకి రానివ్వక వరండాలో బకెట్ కింద బోర్లించింది. "పేల్తదేమోనని రాత్రి నిద్ర రాలే" అంది. అయినా డబ్బా, పాలు, చాయ్ సామాను సర్దుకుని తనూ బయల్దేరింది. కుంటాలకు రానూపోనూ ఆటో పద్నాలుగు వందలకు కుదిరింది. ఘాటు ఎక్కి, నేరడిగొండ దాటి, పన్నెండున్నరకు గేటు దగ్గర దిగాం.

మెట్లు దిగి నీళ్ళ ఎదురుగా నిలబడితే మాట వినపడదు. తుంపర మొహాన కొడుతుంటే వదినె కొంగు కప్పుకుంది. నేను కప్పుకోలేదు. ఆయన ఈ పక్కన నిలబడి ఉండాల్సింది అనుకున్నాను. అంతకంటే పెద్ద మాటేమీ తోచలేదు. ఫోటో తీసి పంపుదామంటే సిగ్నల్ లేదు.

పొయ్యి తీయబోతే కాపలాదారు వచ్చాడు. "ఇక్కడ నిప్పు పెట్టనియ్యమమ్మా. అడవి గద." గ్యాసు పొయ్యికి పొగ రాదు, నిప్పురవ్వ ఎగరదు అని వాదించాను. "వెలిగిస్తె నిప్పే గద" అన్నాడు. అతని మాటే నిజం. మీరు వెళ్ళినా అక్కడ వెలిగించకండి.

మళ్ళీ పైకెక్కి ఆటోలో రెండు కిలోమీటర్లు వెనక్కి వచ్చాక, సోయా కోసేసిన చేను ఒకటి కనపడింది. చేను యజమానురాలు కుప్ప దగ్గర కూర్చుని ఉంది. అడిగితే "గట్టు మీద పెట్టుకోండ్రి బాయీ, గడ్డి దిక్కు పోకుండ్రి" అంది. అటువైపు ఆడవాళ్ళను బాయీ అనే పిలుస్తారు.

పొయ్యి మడత కాళ్ళు విప్పి డబ్బాకు బిగించాను. మీట నొక్కితే టక్కుమని అదే అంటుకుంది. పిట్ట కొంచెం కూత ఘనం, అంత చప్పుడు మా ఇంటి పెద్ద పొయ్యికి కూడా లేదు. గాలికి మంట పక్కకు వాలిపోతుంటే గాలి వచ్చే వైపు మాత్రం రాళ్ళు పేర్చాం. చుట్టూ పేరిస్తే వేడికి డబ్బా కాగుతుంది, అది ప్రమాదం. అర లీటరు పాలు నాలుగైదు నిమిషాల్లో కాగాయి. గిన్నె అడుగుకు మసి అంటలేదు. ఇంతవరకు దీనికి వంక పెట్టడానికి లేదు.

వదినె పొద్దును చూసి తూర్పు ఏదో తేల్చింది. పాలు తూర్పుకు పొంగితే మంచిదని అందరిలాగే గిన్నెను కొంచెం అటు వంచింది. పాలు పైకి లేచాయి. ఆపాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. పొంగించడానికేగా వచ్చాం. పొంగిన పాలన్నీ నేరుగా మంట మీద పడ్డాయి. మంట ఆరింది గాని గ్యాసు బుస్సుమంటూనే ఉంది. వదినె గట్టు దిగి పరుగెత్తింది. నేను మీట తిప్పి కట్టేశాను. ఇంటి పొయ్యి మీద పాలు పొర్లితే చుట్టూ కారతాయి. దీనికి ఆ చోటే లేదు, మంట రంధ్రాల్లోకే పోతాయి. పాలు పొంగించే ఆచారం దీన్ని చేసినవాళ్ళకు తెలియదు పాపం.

వదినె తిరిగొచ్చి మరక చూసింది. రంధ్రాల్లో పట్టని పాలు గట్టు వాలుకు పడమటికి కారాయి. ఆమె మొహం చిన్నబోయింది.

"మస్కట్ అటే గద వదినె" అన్నాను.

"అటే. నా తమ్ముడున్న దిక్కే" అని వదినె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

డబ్బా ఊడదీసి, రంధ్రాలు పిన్నీసుతో పొడిచి, బట్టతో తుడిచి, మళ్ళీ బిగించి అగ్గిపుల్లతో వెలిగిస్తే పసుప్పచ్చటి మంట వచ్చింది. పావుగంట పట్టినా చాయ్ కాగింది. చేను ఆమెకూ ఒక గ్లాసు ఇచ్చాం.

సాయంత్రం అయిదున్నరకు నిర్మల్‌లో తిరుగు బస్సు. మిగిలిన గ్యాసు డబ్బా మళ్ళీ వదినె బకెట్ కిందికే పోయింది. ప్రయాణాలకు ఇలాంటి పొయ్యి కొనాలా అని అడిగితే, కొనమనే అంటాను. తేలిక, పొగ లేదు, చాయ్‌కి, గుడ్లకు, మ్యాగీకి చాలు. కొంచెం పెద్ద గిన్నె పెడితే మాత్రం ఊగుతుంది. ఇది ఒక్క మనిషి లెక్కన చేసిన పొయ్యి. అదే నాకు నచ్చలేదు.

మెట్‌పల్లి దాటాక ఆయన ఫోన్ వచ్చింది. దారంతా ఈ ఫోన్‌కే భయపడుతున్నాను.

"ఎక్కడున్నవ్ పద్మా? బస్సు చప్పుడొస్తుంది."

"కుంటాల పోయొస్తున్న. పొయ్యి వెలిగించిన."

"నేను రాకముందేనా?"

"రాకముందే. రెండేండ్లు చూసిన. ఇగ నాతోని గాలే."

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండును. "నేను గసొంటిదే ఇంకోటి కొన్న" అన్నారు మెల్లగా. "నీది కొన్ననాడే కొన్న. నాది ఇంకా డబ్బల్నే ఉన్నది. శుక్రారం శుక్రారం దోస్తులు ఎడారికి రమ్మంటరు. పోబుద్ధి కాలే."

కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా ఫోన్ చెవికి అదుముకున్నాను. కండక్టర్ లైట్లు వేశాడు. పక్క సీట్లో ఆమె నా వైపే చూస్తోంది. చూస్తే చూడనీ అనుకున్నాను.

"రేపు శుక్రారమే గద" అన్నాను. "పొండ్రి. పాలు జర ఎక్కువనే పొయ్యుండ్రి. పొంగంగనే గ్యాసు బందు చెయ్యుండ్రి."