సాయమ్మ వాకిలి చుక్కలు

ఇల్లు కట్టడం అయిపోయిందన్న మాట సాయమ్మ నోటి వెంట ఇంతవరకూ ఎవరూ వినలేదు. హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక అరవై గజాల జాగాలో మొదట రేకులు వేసుకున్నారు. తర్వాత స్లాబు పడింది, గృహప్రవేశమైంది, చుట్టాలొచ్చి అన్నం తిని దీవించి పోయారు. అయినా సాయమ్మ లెక్కలో ఇల్లు ఇంకా అవుతూనే ఉంది. ఓ నెల వంటింటి గోడకు తనే రంగు వేసింది. ఇంకో నెల పాత తలుపు చెక్కలు కోసి గిన్నెలకు బల్ల చేసింది. అది ఒక పక్కకు ఒరిగితే, తెగిపోయిన చెప్పు ముక్క ఒకటి దాని కాలి కింద దూర్చి నిలబెట్టింది.

"ఇల్లు మన కోసమా, మనం ఇంటి కోసమా?" అని ఎగతాళి చేసేవాడు ఆమె భర్త కిష్టయ్య.

సాయమ్మ హైటెక్ సిటీలో ఓ పెద్ద ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అద్దాలు, నేలలు, మెట్లు మెరిపించడమే పని. తుడిచిన చోట పది నిమిషాల్లో మళ్ళీ అడుగులు పడతాయి. అందుకేనేమో, చేసింది చేసినట్టు నిలిచి ఉండే పనంటే ఆమెకు ప్రాణం.

ముందు ఊలు పట్టింది. ఆఫీసుకు రైల్లో ఒక్క స్టేషనే దూరం. ప్రయాణం కన్నా ప్లాట్‌ఫారం మీద ఎదురుచూపే ఎక్కువ. ఆ ఎదురుచూపులోనే ఫోన్‌లో చూసి, రెండు సూదులతో అల్లడం నేర్చుకుంది. మొదటి టోపీ కిష్టయ్యకు. అతను కొండాపూర్‌లో ఓ అపార్ట్‌మెంటు గేటు దగ్గర రాత్రి కాపలా ఉంటాడు. టోపీ పెట్టుకుంటే కనుబొమలు దాటి ముక్కు దాకా దిగింది.

"ఇది టోపీనా, సంచా? నేను దొంగలను పట్టాల్నా, దొంగలొచ్చి నన్ను పట్టాల్నా?" అన్నాడు లోపలి నుంచే.

"మడత పెట్టుకో. మడత పెడితే ఫ్యాషన్ అయితది."

మడత పెట్టుకుని పోయాడు. కొన్నాళ్ళకు, గేటు దగ్గర ఓ మేడం అలాంటిదే తనకూ కావాలని అడిగిందని వచ్చి చెప్పాడు. ఆ చెప్పడం కూడా టోపీ నెత్తి మీద ఉంచుకునే చెప్పాడు.

మట్టి సంగతి ఆఫీసులోనే మొదలైంది. ఉద్యోగుల సరదా కోసం ఓ మధ్యాహ్నం కుండలు చేసే కార్యక్రమం పెట్టారు. చందానగర్‌లో ఒక షెడ్డులో కుండల పని నేర్పే రేఖ అనే ఆమె కుండలు తిప్పే సారె, మట్టి వెంట తెచ్చుకుంది. కుర్రకారంతా మోచేతుల దాకా మట్టి పూసుకుని, ఫోటోలు దిగి, మీటింగు వేళ కాగానే లేచిపోయారు. మిగిలిన మట్టి ఎత్తి పారేయించడం సాయమ్మ బాధ్యత. ఒక ముద్ద చేతిలోకి తీసుకున్నది పారేయడానికే. కానీ చెయ్యి దాన్ని వదల్లేదు.

"మెత్తగా ఉంది కదండీ" అంది రేఖ, సామాను సర్దుకుంటూ.

"జొన్న పిండి లెక్కున్నది మేడం. గీ చేతులతోని రోజు పిండి పిసుకుత గని, గింత సంబురం ఎన్నడు కాలే."

రేఖ నవ్వి, ఆమె మెడలోని బ్యాడ్జీ మీద పేరు చదువుకుంది. "శనివారాలు మా షెడ్డుకి రండి సాయమ్మగారూ. మట్టికేం, బోలెడుంది."

సాయమ్మ వెళ్ళింది. సారె మీద ఆమె చేసిన కుండ ఒక్కటీ నిలబడలేదు. లేచినట్టే లేచి, పెళ్ళిలో తాగొచ్చిన చుట్టంలా ఒక పక్కకు ఒరిగిపోయేది. చివరికి సారెకు దణ్ణం పెట్టి, మట్టిని రొట్టెల కర్రతో పరిచి, చాకుతో కోసి బిళ్లలు చేయడం మొదలుపెట్టింది. అక్కడ చెయ్యి కుదిరింది. గుండ్రటి బిళ్లలు, ఆకు బిళ్లలు, వంపు తిరిగిన బిళ్లలు. బట్టీలో కాలి బయటికొస్తే మంచి జాజు రంగు.

ఆ రంగు చూసిన రోజే ఆమెకు వాకిలి గుర్తొచ్చింది.

ఇల్లంతా ఓ రూపుకొచ్చినా ఇంటి ముందు జాగా మాత్రం ఇంకా మట్టిగానే ఉంది. అత్త లచ్చవ్వ రోజూ తెల్లారకముందే లేచి అక్కడ ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేస్తుంది. వానొస్తే ఆ ముగ్గు పోతుంది. నీళ్ల ట్యాంకర్ వచ్చి పైపు లాగితే పోతుంది. లచ్చవ్వకు మోకాళ్ళ నొప్పులు. ముగ్గయ్యాక గోడ పట్టుకుని "అబ్బా" అంటూ లేస్తుంది. ఆ మూలుగు వంటింట్లో ఉన్న సాయమ్మకు వినిపిస్తుంది. ముగ్గును మట్టి బిళ్లలతోనే చేసి సిమెంటులో పొదిగేస్తే? ఇక చెరగడం ఉండదు, అత్తకు వంగడం ఉండదు. ఇంకో ఆశ కూడా ఉంది. అలాంటి వాకిలి ఆ బస్తీలో ఇంకెవరికీ ఉండదు. ఆ మాట పైకి అనలేదు గానీ, మనసులో రోజూ అనుకుంది.

అత్తకు తెలియకుండా పని మొదలుపెట్టింది. చుక్కలకు గుండ్రటి బిళ్లలు, గీతలకు సన్నటి వంపు ముక్కలు, మధ్యలో తామర రేకులు. మొదటి విడత బట్టీలోంచి వచ్చేసరికి అన్నీ చిన్నవైపోయి ఒకదానికొకటి అతకలేదు.

"మట్టి ఆరితే గుంజుకుంటుందండీ, కాలితే ఇంకొంచెం గుంజుకుంటుంది" అంది రేఖ.

"ముందుగాల చెప్పద్దా మేడం?"

"చెప్పాను. మీరు రేకులకు ఈనెలు గీసుకుంటున్నారు. అప్పుడు మీకు ఈ లోకం లేదు."

మళ్ళీ మొదటి నుంచి చేసింది. వానలు వెనకపట్టాయి, చలి వచ్చింది. కాల్చిన బిళ్లలన్నీ బియ్యం సంచుల్లో మంచం కిందికి చేరాయి. "మంచం కింద ఇటుకల బట్టీ పెట్టినవ్. పక్క మీద ఒత్తిగిలాల్నంటే భయమైతున్నది" అని కిష్టయ్య గొణిగాడే గానీ, తల్లికి మాత్రం చెప్పలేదు.

సాయమ్మ తమ్ముడు స్వామి టైల్స్ వేసే మేస్త్రీ. ఆదివారం సిమెంటు తెచ్చి వాకిలి వేస్తానన్నాడు. "ముందు ఇసుక మీద పొడిగ పేర్చి చూస్కో అక్కా. సిమెంటు మాలు పడ్డంక నెత్తి కొట్టుకున్నా రాదు" అని చెప్పాడు. అదృష్టానికి లచ్చవ్వ బాచుపల్లిలో ఉన్న కూతురింటికి పోయింది. సాయమ్మ శుక్రవారం సెలవు పెట్టి, ఇసుక పరిచి, గేటు నుంచి గడప దాకా ముగ్గంతా పేర్చింది. శనివారం పొద్దున డ్యూటీ దిగి వచ్చిన కిష్టయ్య గేటు దగ్గర చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

"నేను యాడికెళ్లి రావాలె? రెక్కలు గుడ అల్లిస్తవా?"

మాట అంటూనే చూపు తిప్పుకోలేకపోయాడు. పక్కింటివాళ్ళొచ్చారు, ఎదురింటివాళ్ళొచ్చారు. ఫోన్లు తీసి ఫోటోలు తీసుకున్నారు. సాయమ్మకు ఆ పూట నేల మీద కాలు నిలవలేదు.

మధ్యాహ్నం లచ్చవ్వ ఆటో దిగింది. గేటు బయటే ఆగిపోయి, చెయ్యి కళ్ళ మీద అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అత్తమ్మా, ఇగ నువ్వు వంగుడు లేదు, లేచుడు లేదు. రేపు స్వామి వచ్చి సిమెంటేస్తడు. జనమంత ఉంటది" అంది సాయమ్మ.

"మంచిగున్నది. తీసెయ్."

సాయమ్మ నవ్వబోయి ఆగింది. "తీసెయ్యుడేంది?"

"మీ మామ పోయినప్పుడు వాకిట్ల ముగ్గు పెట్టినమా?"

"పెట్టలే."

"ఎందుకు పెట్టలే? ముగ్గు లేని వాకిలి చూస్తెనే గదా, గీ ఇంట్ల ఏదో అయిందని నలుగురికి ఎర్కయేది. రేపు నేను పోత. అప్పుడు గిది ఎట్ల తుడుస్తవ్? పండుగ లెక్క ముగ్గు మెరుస్తుంటె దాని మీదికెళ్లి నన్ను ఎత్తుకపోతరా?"

"అవ్వా, నువ్వు ఇప్పట్ల పోయేటట్టు లేవు. ఫికర్ జెయ్యకు" అన్నాడు కిష్టయ్య.

"నీ నోట్లె మన్నుబడ, నువ్వు ఊకో."

 సాయమ్మ ఇన్ని నెలలు రంగు గురించి ఆలోచించింది, కొలత గురించి ఆలోచించింది, మట్టి ఎంత గుంజుకుంటుందో కూడా లెక్క కట్టింది. ఈ ఒక్కటీ తట్టలేదు. "నీ మోకాళ్ల కోసమే గదా అత్తమ్మా" అంది చిన్న గొంతుతో.

"నా మోకాళ్లు వచ్చి నిన్ను అడిగినయా?" లచ్చవ్వ గొంతు మారింది. "పొద్దుగాల లేచి చేసేతందుకు నాకు మిగిలింది గదొక్క పని. నువ్వు ఆఫీసుకు పోతవ్, వాడు డ్యూటీకి పోతడు. గా ఒక్కటి గుడ సిమెంటుల పూడుస్తున్నవ్."

అని, ముగ్గు మీద అడుగు పెట్టకుండా, పక్క సందులోంచి పెరటి తలుపున లోపలికి పోయింది.

సాయమ్మ గడప మీద కూర్చుంది. కిష్టయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. "అవ్వ అట్లనే అంటది. స్వామిని రమ్మందమా వద్దా?"

"రమ్మను. ఉత్త సిమెంటు పోయమను. ఆమె తొక్కని వాకిలి నాకెందుకు?"

ఎండ తగ్గాక బేసిన్ తెచ్చుకుని ఒక్కో ముక్కా ఏరడం మొదలుపెట్టింది. ముందు తామర రేకులు తీసింది, తర్వాత వంపు గీతలు. ఏరుతుంటే కొన్ని ముక్కల వెనక తన బొటనవేలి ముద్రలు కనిపించాయి. చుక్కలు తీయబోతుండగా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మూడో అంతస్తులో పైపు పగిలి నీళ్ళు పారుతున్నాయట. చుక్కల్ని ఎక్కడివక్కడే వదిలేసి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి ఒళ్ళు హూనమై, వాకిలి వైపు చూడకుండానే పడుకుంది.

ఆదివారం ఆలస్యంగా మెలకువ వచ్చింది. తలుపు తీసి చూసి, అక్కడే ఆగిపోయింది.

లచ్చవ్వ చిన్న పీట మీద కూర్చుని, పీటను కొంచెం కొంచెంగా జరుపుకుంటూ ముగ్గు వేస్తోంది. ఇసుకను నీళ్ళతో తడిపింది. ఎర్రటి చుక్కలు ఒక్కటి కూడా కదల్లేదు. వాటి మధ్య నుంచి తెల్లటి గీత చుట్టుకుంటూ, మెలిక తిరుగుతూ, మళ్ళీ మొదలైన చోటికే వస్తోంది. సాయమ్మ పేర్చిన ముగ్గు కాదది. ఆమె ఎన్నడూ చూడని ముగ్గు.

"గిదెప్పుడు మొదలుపెట్టినవ్ అత్తమ్మా?"

లచ్చవ్వ తలెత్తలేదు. "తలుపు తీస్తె చుక్కలు పెట్టి ఉన్నయ్. చుక్కలు పెట్టి గీతలు గియ్యకుంట ఎవరన్న ఇడిచిపెడ్తరా? చెయ్యి గుంజింది."

"గిది ఏం ముగ్గు?"

"మా అమ్మ ఏసేది. నేను ఏయక ఏండ్లయింది. దీనికి చుక్కలు తీరుగ పడాలె. నాకు కండ్లు మసకలైనంక నా చుక్కలు వంకర పోవట్టె. గిన్నొద్దులు చిన్న చిన్నయే ఏస్తున్న, ఎవ్వలికి చెప్పలే." పిండి వేళ్ళతోనే ఓ చుక్కను తట్టింది. "నీ చుక్కలు సక్కగున్నయ్ పిల్లా. చేతికి గుడ తగులుతున్నయ్."

సాయమ్మ గడప దిగి ఆమె పక్కన కూర్చుంది. అడగాలంటే భయమేసింది, అడక్కపోతే స్వామి వచ్చేస్తాడు. "చుక్కలు ఉంచుదమా మరి? ముగ్గు పెట్టొద్దన్న దినం...?"

"ఆ దినం పెట్టం. గీతలు లేంది అది ముగ్గెట్లయితది? చుక్కలు ఉంటె ఉంటయ్, వాటి పాపమేంది?" లచ్చవ్వ ఆఖరి మెలిక కలిపి నడుము నిటారు చేసింది. "గవే చుక్కలల్ల ఎన్ని తీర్ల ముగ్గులు పడ్తయో నీకేం ఎర్క. ఏడాదంత ఏసినా ఒడువయ్."

సాయమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, చివరికి నవ్వే గెలిచింది.

అంతలో స్వామి బండి మీద సిమెంటు సంచి వేసుకుని దిగాడు. "ఓ అక్కా! మాలు పోస్తనంటే ముగ్గేస్తరా? ఇప్పుడు నేను గిది చెడగొడ్తె నాకు పాపం తాకదా?"

"తాకదు, తుడువు. రేపు ఇంకోటేస్త" అంది లచ్చవ్వ.

ఆ పూటంతా మేస్త్రీ స్వామి కాదు, లచ్చవ్వే. కుర్చీ వేయించుకుని గేటు దగ్గర కూర్చుంది. స్వామి దారం కట్టి, మట్టం చూసి, చుక్కలన్నీ వరుసగానే ఉన్నాయని చెప్పినా వినలేదు. "ఆ మూలది జర లోపలికి జరుపు. ఇంక జర. ఆఁ, ఆగు. ఎక్కువ జరిపినవ్."

"అత్తమ్మా, నీకు కండ్లు మసకలన్నవు గద?" అంది సాయమ్మ.

"చుక్కలు పెట్టేతందుకు మసక. తప్పులు పట్టేతందుకు కాదు."

బిళ్లల అంచు కాళ్ళకు తగలకుండా సిమెంటుకు సమానంగా దించాడు స్వామి. పనైపోయాక కొంచెం మాలు మిగిలితే, బేసిన్‌లోని తామర రేకులు పొయ్యి వెనక గోడకెక్కాయి. సాయమ్మకు వంటింట్లో ఇంకో పని దొరికింది. కిష్టయ్య నిట్టూర్చి నీళ్ళ బకెట్ అందుకున్నాడు.

సిమెంటు గట్టిపడే దాకా రోజూ నీళ్ళు పట్టారు. తర్వాత ఓ తెల్లవారుజామున లచ్చవ్వ కోడల్ని లేపింది. బూడిద రంగు నేల మీద ఎర్రటి చుక్కలు తడితో మెరుస్తున్నాయి. ముగ్గు గిన్నె సాయమ్మ చేతిలో పెట్టి, "నువ్వెయ్" అంది.

"నాకు గీత సక్కగ రాదు అత్తమ్మా."

"చుక్కలు చేసుడు వచ్చెగని గీత రాదా?"

సాయమ్మ వంగింది. పిండి ఒకచోట ముద్దగా పడింది, ఒకచోట పడనే లేదు. మూడో చుక్క దగ్గర ఎటు తిరగాలో తెలియక తప్పు వైపు తిరిగింది. ఎదురింటామె గోడ మీది నుంచి చూసి కిసుక్కున నవ్వింది.

"రొట్టెల కర్రతోని ఒత్తినట్టు కాదే, వేళ్లు ఆడాలె" అంటూ లచ్చవ్వ కొంగు చివరతో ఆ గీతంతా ఒక్క ఊపున తుడిచేసింది. చుక్కలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

"తుడిస్తె పాయె. మళ్ల గియ్."

సాయమ్మ నవ్వుతూ ఇంకో చిటికెడు పిండి తీసుకుంది.