వంకరగా వచ్చిన నురుగు గీత

పడవ నడిపేవాడు ఎలా ఉన్నాడో వెనక నురుగు గీత చెప్పేస్తుందని నాన్న అనేవాడు. పొద్దున్నే చేపల వేట నుంచి తిరిగొచ్చే డింగీలను, అదే చిన్న ఇంజిన్ పడవలను, మా దీవిలోని డిగ్నాబాద్‌లో మా డాబా మీద నిలబడి అమ్మ ఆ గీతను బట్టే పోల్చుకునేది. నాన్న గీత తాడు పట్టి లాగినట్టు ఉండేది.

పుడుతున్న పెద్ద నక్షత్రాల మీద నా పరిశోధన. అవి చుట్టూ పళ్లెంలా తిరిగే వాయువును మింగుతూ పెరుగుతాయి. మింగలేనిదాన్ని రెండు ధ్రువాల నుంచీ ధారలుగా వెళ్లగక్కుతాయి. నేను పట్టుకున్న నక్షత్రం ధారలు మాత్రం నేరుగా లేవు, మెలికలు తిరిగాయి. ఏడాదిపాటు జుట్టు పీక్కున్నాను. చివరికి నాన్న డింగీయే దారి చూపింది. తప్పు ధారలో లేదు, దాన్ని వదిలే చోట ఉంది. ధూళి చాటున పక్కనే ఇంకో నక్షత్రం ఉండి ఆ పళ్లేన్ని గుంజుతోంది. అందుకే ధార ఊగుతోంది. లెక్క సరిపోయింది. గైడుగారు మెచ్చుకున్నారు. నా కాళ్లు నేల మీద ఆనలేదు.

థీసిస్ రాసుకోవడానికి ఇంటికొచ్చాను. ఓ పొద్దున్న డాబా మీద బట్టలారేస్తూ అమ్మ ఆగిపోయింది.

"అదేటే, మీ నాన్న గీత అలగొస్తంది? ఎడం పక్కకే పోతంది."

తలెత్తి చూశాను. తెల్లటి గీత ఎడమకు ఒరిగి, సర్దుకుని, మళ్లీ ఒరుగుతోంది.

"పోటు మారే వేళ కదమ్మా, నీళ్లు లాగుతాయి" అని మళ్లీ లాప్‌టాప్‌లో తల దూర్చాను. అప్పుడు రాస్తున్నది కనబడని తోడును ఎలా కనిపెట్టాలన్న అధ్యాయమే. సిగ్గు విడిచి చెబుతున్నాను.

నాన్ననడిగితే "ఇంజిన్ హ్యాండిల్ ఢీలా, వదులైపోనాది. బస్, అంతే. ఇంజిన్ మిస్త్రీకి చూపిస్తాను" అన్నాడు. నాకూ కావాల్సింది ఆ మాటే. మిస్త్రీ పడవ చూసి ఇంటికే వచ్చి, "హ్యాండిల్‌లో కుచ్ ఖరాబీ నహీ, భయ్యా" అన్నాడు, ఏ లోపమూ లేదని. అప్పుడూ నాకు బుద్ధి రాలేదు. అమ్మ మాత్రం రోజూ చూసేది, రోజూ చెప్పేది. మూడు నెలలు అలాగే గడిచాయి.

తర్వాత ఒకరోజు ఒడ్డుకు తాడు విసరబోయి నాన్న నీళ్లలో పడిపోయాడు. ఎడమ చెయ్యి లేవలేదు. స్కాన్ తీశారు. తలలో కుడివైపు నిమ్మకాయంత గడ్డ. ఇంకా చిన్నగా ఉన్నప్పుడైతే తీసేవాళ్లమని, ఇప్పుడు కత్తి పెట్టలేమని డాక్టరు చెప్పారు. కొన్ని నెలలే అన్నారు.

"ఎప్పటి నుంచి ఉంది ఇలా?"

"గీత వంకరగా వచ్చిన కాడి నుంచి బాబూ, మూడు నెలలు" అంది అమ్మ.

డాక్టరుకు అర్థం కాలేదు. నా వైపు చూశారు. నేను కాగితం మీద పడవ గీసి, దాని వెనక ఊగే గీత గీసి, నడిపే చెయ్యి పట్టు తప్పితే అలా ఎందుకొస్తుందో చెప్పాను. గైడుగారికి గీసి చూపిన బొమ్మే అది.

"ఇంత తెలిసీ మూడు నెలలు ఎందుకు ఆగారమ్మా?" అన్నారాయన నాతో.

అమ్మ నా వైపు చూడలేదు.