కొత్త పెళ్లికొడుకూ గ్రైప్‌వాటరూ

మా రోజుల్లో గోదావరి జిల్లాల్లో గుట్టుగా కొనుక్కోగల వస్తువంటూ ఏదీ ఉండేది కాదు. అగ్గిపెట్టె అడిగినా "ఏ ఊరండి మనది? ఎవరి తాలూకండి?" అని ఆరా తీసి, తాతగారి పేరు చెప్పించుకున్నాకే ఇచ్చేవారు. దీన్ని మర్యాద అంటారు. నేను పోలీసు విచారణ అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. (నా బడి చదువు ఎనిమిదో తరగతితో సరి, మిగతాదంతా పొట్లం కాగితాల్లో చదువుకున్నాను. అయినా ఈ తేడా తెలుసు.)

పెళ్లయిన కొత్తలో మా ఆవిడకు రాజమండ్రిలో టీచరు ట్రైనింగుకు సీటొచ్చింది. నెల తప్పిందంటే చదువు అటకెక్కినట్టే. మా అమ్మ అప్పటికే నిచ్చెన వేసుకుని కూర్చుంది. మా ఆవిడ చదవాలని నాకూ ఉండేది. ఆ మాట ఆవిడతో మాత్రం అనలేదు. మొగుడూ పెళ్లాలు అలాంటివి మాట్లాడుకుంటారని నేను చదివిన ఏ పొట్లంలోనూ లేదు మరి! గోడలనిండా కుటుంబ నియంత్రణవాళ్ల ఎర్ర త్రికోణం వేసి నిరోధ్ వాడమని రాసి ఉండేది. మగాణ్ని, నేనే చక్కబెడతానని, తెలిసిన మొహం కనపడకుండా పట్టిసీమ దగ్గరి మా ఊరినుంచి లాంచీ ఎక్కి, రాజమండ్రిలో ఓ మందుల షాపుకు వెళ్లాను.

షాపాయన కళ్లజోడు సర్దుకుని విచారణ మొదలెట్టాడు. నాలుగు ప్రశ్నల్లో ఆయన మా మావగారికి పినతల్లి కొడుకని తేలిపోయింది. "ఆయ్, మా అల్లుడుగారా! కూర్చోండి, కూర్చోండి" అని కాఫీ తెప్పించి, "ఇంతకీ ఏం కావాలండి?" అన్నాడు.

"తలనొప్పి మాత్రండి" అన్నాను. అబద్ధం కాదు, అప్పుడే వచ్చింది.

మాత్రతోపాటు చంటిపిల్లలకు పట్టే గ్రైప్‌వాటరు సీసా ఒకటి చుట్టి నా చేతిలో పెట్టాడు. "ఉంచండి బాబూ, రేపోమాపో అవసరమే కదా. డబ్బులా? భలేవారే!"

ఊరికే వచ్చినదాన్ని పారేయలేక ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచాను. మర్నాడే మా ఆవిడకు దొరికింది.

"ఏంటండీ ఇది? మీకంత తొందరగా ఉందా?" ఆవిడ కళ్లలో నీళ్లు. "నా చదువు మాన్పించాలంటే నోటితో చెప్పండి. ఇలా సీసాలతో చెప్పకండి."

లాంచీ దగ్గర్నుంచి కాఫీ దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, మా అమ్మకు వినపడకుండా నవ్వింది.

"నన్నడిగితే నేనూ అదే అనేదాన్ని కదండీ!"

"నువ్వు చెప్పొచ్చుగా?"

"మీరు అడిగితేగా!"

తర్వాతి లాంచీకి ఇద్దరం వెళ్లాం. నేను గుమ్మం బయట నిలబడి రిక్షాలు చూస్తుంటే, ఆవిడ సీసా బల్లమీద పెట్టి "బాబాయ్, ఇది మాకిప్పుడొద్దు. నా ట్రైనింగు అవ్వాలి. నిరోధ్ ఇవ్వండి" అంది. ఆయన దగ్గాడు, కళ్లజోడు తుడిచాడు, నాలుగు కాగితాల్లో చుట్టి ఇచ్చాడు. తర్వాత బయటికొచ్చి నా భుజం తట్టి, "ఆ మాటేదో మీరే అనొచ్చుగా అల్లుడుగారూ!" అన్నాడు. కాఫీ ఇచ్చి నోరు కట్టేసిన మనిషి!

అప్పటిదాకా మా సంభాషణంతా "వడ్డించనా", "ఊఁ". ఆ రోజు లాంచీలో మాత్రం రేవు వచ్చేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

ట్రైనింగు పూర్తయింది, ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయింది. ఇప్పుడు అన్నీ ఫోను నొక్కితే గుమ్మంలోకే వస్తాయట. రానీండి! పక్కనున్న మనిషిని ఓ మాట అడిగి నొక్కండర్రా అని, మొన్న పెళ్లయిన మా మనవడికి చెబుదామని వారం నుంచీ గొంతు సవరించుకుంటున్నాను. నిన్న మా ఆవిడ అంది: "వాళ్లిద్దరితో నేనెప్పుడో మాట్లాడేశానండీ. మీరా దగ్గడం ఆపి పడుకోండి."