పాప కోసం గొంతు తగ్గించిన మామ

పోయిన నెల ఒక ఉదయం, చిత్తూరు మామిడి మండీలో లోడు దిగుతుండగా మా మామ కుర్చీలోనే ఒరిగిపోయారు. గుమాస్తా ఫోన్ చేసి, "అమ్మా, పెద్దాయన పలకడం లేదమ్మా" అన్నాడు. మేము ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

ఆయన మా ఆయనకు తండ్రి. మండీలో నలభై ఏళ్లు తోతాపురి మామిడికాయలు వేలం వేసిన మనిషి. ఆ గొంతు రోడ్డు అవతల టీ కొట్టుదాకా వినిపించేది. ఇంట్లోనూ అదే గొంతు. గేటు దగ్గర నుంచే "పాపా!" అని కేకేసేవారు. మా పాప ఆ కేక వినగానే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేది.

మూడేళ్లు నిండినా పాపకు మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే చూసేది కాదు. తిరుపతిలో డాక్టరు ఆటిజం అని చెప్పినప్పుడు నేను ఏడ్చాను. మామ మాత్రం నమ్మలేదు. "మా వంశంలో అందురూ ఆలస్యంగానే మాట్లాడినారు మే. నేను నోరు తెరిసినాక మూసిందే లేదు" అన్నారు. నాకు ఆ రోజు ఆయన మీద చాలా కోపం వచ్చింది.

పాపకు మాట, ఆట నేర్పించే థెరపీ అప్పట్లో మాకు తిరుపతిలోనే దొరికింది, అదీ ప్రైవేటులో. మా ఆయన పని రేణిగుంట గోడౌనులో. సెలవు దొరకదు. కాబట్టి వారానికి రెండుసార్లు నేనూ, మామా, పాపా బస్సెక్కేవాళ్లం. రెండో వారమే థెరపిస్టు అమ్మాయి మెల్లగా చెప్పింది: "తాతగారూ, మీ గొంతుకి పాప భయపడుతోంది." తిరుగు ప్రయాణంలో మామ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు సాయంత్రం చప్పుడు కాకుండా గేటు తీసి లోపలికి వచ్చారు. చెప్పులు బయట విడిచి, హాల్లో నేల మీద కూర్చుని, గుసగుసగా "పాపా" అన్నారు. పాప రాలేదు. ఆయన రోజూ అలాగే కూర్చున్నారు. కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం పాప తనంతట తాను వచ్చి, ఆయన వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. ఆయన కదల్లేదు. పాప లేచి వెళ్లాక గోడ పట్టుకుని లేస్తూ, "కాళ్లు తిమ్మిరెక్కినాయి మే. కదిలితే యాడ పోతాదో అని ఊరికే ఉండినా" అన్నారు. నవ్వుతున్నారు, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. నా కోపం ఆ రోజే పోయింది.

అప్పటి నుంచి బస్సు ఎక్కగానే డ్రైవరు దగ్గరికి వెళ్లేవారు. "అప్పా, హారన్ కొంచెం సూసుకుని కొట్టు. మా బిడ్డ తట్టుకోలేదు" అనేవారు. కొందరు విన్నారు. కొందరు కావాలనే ఇంకా గట్టిగా కొట్టారు.

తిరుపతి సెంటరులో మాకు ఒకామె పరిచయమైంది. పలమనేరు దగ్గర పల్లె, కూలి పని. మా పాపకంటే చిన్నవాడైన కొడుకును చంకనేసుకుని వచ్చేది. ఒక రోజు వెళ్లేటప్పుడు మామతో, "ఇంక రాలేమన్నా. ఈడికొచ్చిన రోజు కూలి పాయె, ఫీజు యాడినుంచి తెచ్చేది?" అంది. ఆ పిల్లవాడు అప్పుడప్పుడే నీళ్లు కావాలంటే గ్లాసు చూపించడం నేర్చుకున్నాడు. తర్వాతి వారం వాళ్లు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మామ ఖాళీ బెంచీ వైపు చూసి, "మనకు దొరికితే అందురికీ దొరికినట్టు కాదు మే" అన్నారు. ఆ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నారో.

ఆ తర్వాతి సోమవారం ఆయన మండీకి వెళ్లలేదు. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే చోటికి నన్నూ పాపనూ తీసుకెళ్లారు. హాలు నిండా జనం. మా వంతు వచ్చినప్పుడు పాప ఆయన భుజంలో ముఖం దాచుకుని ఉంది. "గట్టిగా చెప్పండి పెద్దాయనా, వినపడలేదు" అన్నారు ఒక అధికారి.

"గట్టిగా మాట్లాడితే బిడ్డకు పడదు సార్. మీరే రొంత ముందుకు రండి" అన్నారు మామ.

ఆ అధికారి నిజంగానే కుర్చీ ముందుకు జరుపుకుని అర్జీ చదివారు. "మీ పాపకి తిరుపతిలో థెరపీ జరుగుతోంది కదా, ఇంక ఇబ్బందేంటి?" అని అడిగారు.

"మా పాపకి జరగతాది సార్. మాకు మండీ ఉండాది, వెంట తిప్పేదానికి కోడలుండాది. అవేవీ లేని పిలకాయలు ఏం చేయల్ల? బడి మాదిరి ఇది కూడా సర్కారే ఈడ పెట్టల్ల గదా!"

అధికారి రాసుకున్నారు. ఏమీ జరగలేదు. మామ మళ్లీ వెళ్లారు. మెల్లగా ఇంకొందరు తల్లిదండ్రులు ఆయన వెంట రావడం మొదలుపెట్టారు. అధికారులు మారారు. చివరికి చిత్తూరులో ఒక ప్రభుత్వ భవనం వెనక, సామాన్లు పడేసే గది ఖాళీ చేసి, సున్నం వేసి, వారానికి రెండు రోజులు థెరపిస్టును పంపారు. ఫీజు లేదు.

ఆరేళ్ల లోపు పిల్లలకే అన్నారు. మా పాపకు అప్పటికే ఏడు దాటింది.

ఆ మాట విని మామ మండీకి వెళ్లి పొద్దు గూకేదాకా ఇంటికి రాలేదు. వచ్చాక, "కడుపు మండతాండాది మే, అబద్ధం ఏల చెప్పాల" అన్నారు. అన్నం కలిపి తినకుండానే చెయ్యి కడుక్కున్నారు. మర్నాడు పొద్దున మాత్రం, "పాపకు చెప్పులెయ్యి. ఆ గది ఎట్లుండాదో సూసొద్దాం" అన్నారు.

ఆ గదికి దారి తిన్నగా ఉండదు. ముందు వరండా, పక్కకు తిరిగితే ఇంకో పొడుగాటి వరండా, దాని చివర తలుపు. కొత్తగా వచ్చినవాళ్లు తిరిగి తిరిగి విసిగిపోయేవాళ్లు. అందుకే ప్రతి గురువారం మామ పాపను తీసుకుని వెళ్లి ముందు వరండాలో కూర్చునేవారు. ఎవరైనా బిడ్డతో వస్తే వాళ్లను ఆ తలుపు దాకా తీసుకెళ్లేవారు. పలమనేరు ఆమె కోసం చాలా వెతికించారు. ఊరు విడిచి పనికి పోయారన్నారు కానీ ఎక్కడికో ఎవరికీ తెలియలేదు. బస్సు దిగిన ప్రతి ఆడమనిషి ముఖమూ ఆయన ఒకసారి చూసేవారు. పెద్ద పిల్లలకు కూడా ఆ గది తెరవాలని అడగడం ఆయన చివరిదాకా మానలేదు. అది ఇంకా జరగలేదు. ఇప్పుడు మేము అడుగుతున్నాం.

కర్మలు అయిపోయిన తర్వాత వచ్చిన గురువారం, పాప చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. తాత లేరని దానికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. తీసుకెళ్లాను.

వరండాలో ఆయన కూర్చునే చోట పాప కూర్చుంది. కాసేపటికి ఒక చిన్న వయసు తల్లి, చంకలో బిడ్డతో మెట్లెక్కి వచ్చింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "అక్కా, మాటలు రాని పిలకాయలకు నేర్పిస్తారంట, యాడక్కా?" అని అడిగింది.

నేను చెప్పబోయేలోపే పాప లేచింది. ఆ తల్లి వైపు చూడలేదు. గోడకు ఒక చెయ్యి ఆనించుకుని, తాత నడిచినంత నిదానంగా, వరండా వెంట నడవసాగింది. ఆ తల్లి ఒకసారి నా వైపు చూసి, బిడ్డను భుజానికి మార్చుకుని, పాప వెనకే నడిచింది.