కంచం మోగిన ఇల్లు

ఆ చప్పుడు మీ మామయ్యదే, చిన్నీ. పుణెలో ఉన్న నీకు ఫోన్‌లో వినపడిందంటే ఇవాళ కాస్త గట్టిగానే కొట్టాడన్నమాట. "మేం కంచం మోగిస్తే వద్దంటావు, మామయ్యని మాత్రం ఏమీ అనవేం అమ్మమ్మా?" అని అడిగావు. మీకది ఆట, వాడికది అన్నం పిలుపు అని చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, అది సగం జవాబే. స్టీలు కంచం అంచు మీద చెంచా టంగుమన్నప్పుడల్లా నాకు ఉడికిన వడ్ల వాసన వస్తుంది. పొయ్యి మీద పోపు చిటపటలాడుతున్నా సరే, వడ్ల వాసనే. మిర్యాలగూడలో రైసుమిల్లు వెనక, ఖాళీ గోనెసంచులు పేర్చిన గదిలో గురువారం గురువారం కూర్చున్న రోజుల వాసన అది. ఆ చెంచా మొదట పట్టిన మనిషిని నువ్వూ, తమ్ముడూ చూడలేదు. మీ అమ్మ చూసింది కానీ, అప్పటికి పొత్తిళ్లలో ఉంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అప్పుడు మీ మామయ్య శీనుకి అయిదేళ్లు. మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. మీ తాతయ్య సైకిల్ తిరగేసి పెడితే చాలు, పొద్దంతా చక్రం తిప్పుతూ కూర్చునేవాడు. అవన్నీ ఎలాగో సర్దుకున్నాను. సర్దుకోలేనిది ఒక్కటే ఉండేది. వాడు నా చేత్తో తప్ప ఎవరి చేత్తోనూ తినడు, తనంతట తను అసలే తినడు. తాతయ్య పెట్టినా, మా అత్తమ్మ పెట్టినా పళ్లు బిగబట్టేవాడు. నాకు జ్వరం వచ్చి మంచం పడితే వాడూ పస్తే. ఎవరో దిష్టన్నారు, ఎవరో గాలన్నారు. అత్తమ్మ వాడి మొలకి ఇంకో తాయెత్తు కట్టింది. అంతలో మీ అమ్మ నా కడుపున పడింది. శీను పుట్టినప్పుడే నా ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి, ఈసారి సూర్యాపేట దవాఖానలో ముందుగానే చేరాలని, ఆపరేషన్ చేయాల్సి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నా కాన్పు భయం లేదు. నేను దవాఖానలో ఉన్నన్నాళ్లు వాడేం తింటాడు? నేను తిరిగి రాకపోతే ఏం తింటాడు?

భ్రమరాంబ టీచర్ గురించి తాతయ్యకి ఆయన పనిచేసే రైసుమిల్లులోనే ఎవరో చెప్పారు. ఆమెది కోదాడ. ఇలాంటి పిల్లలకి ఎలా నేర్పాలో హైదరాబాద్‌లో చదువుకుని వచ్చి, వారానికి ఒకరోజు బస్సెక్కి మిర్యాలగూడ వచ్చేవారు. మిల్లు సేటు గది ఇచ్చాడు. బొంగురు గొంతు, భుజాన ఖాకీ సంచి, అందులో పిల్లల కోసం గిలక్కాయలు, తన కోసం బిస్కెట్లు. పిల్లలకి నేర్పుతారని పోతే, ఆమె పిల్లల్ని గదిలో వాళ్లిష్టానికి వదిలేసి మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టారు. దామరచర్ల దగ్గర తండా నుంచి బుజ్జి అనే కూతుర్ని తీసుకొచ్చిన సోమ్లి, గరిడేపల్లి నుంచి మనవడిని భుజాల మీద ఎక్కించుకొచ్చిన ఒక తాత, ఇంకా కొందరు తల్లులు. జబ్బు పేరు అడిగితే టీచర్ 'ఆటిజం' అన్నారు. ఆ మాట మా ఎవరి నోటా తిరగలేదు.

"గా పేరుకు మందున్నదా టీచరమ్మా?" అంది సోమ్లి.

"లేదమ్మా."

"మరి గా పేరెందుకు మాకు?"

"పెద్ద డాక్టర్లు అడిగితే చెప్పడానికి. ఇంట్లో పిలవడానికి పిల్ల పేరుందిగా, అది చాలు" అని నవ్వారామె. నవ్వితే ముక్కుతో గురకలాంటి చప్పుడు వచ్చేది. ఆ చప్పుడుకి బుజ్జి కూడా నవ్వేది.

మేమంతా మా పిల్లలు ఏం చేస్తారో చెప్పేవాళ్లం. అరుస్తది, కొరుకుతడు, తలకాయ గోడకేసి కొట్టుకుంటడు. ఎవరేం చెప్పినా టీచర్ అడిగేది ఒకటే. "దానికి ముందు ఏమైంది?" ఊరికే అరిచిందంటే ఒప్పుకునేవారు కాదు. "ఊరికే ఎవరూ అరవరమ్మా. ముందు ఏమైంది? నువ్వేం చేశావు, ఎవరొచ్చారు, ఏం చప్పుడైంది? మీరు పిల్లల్ని నోటితో పెంచుతున్నారు, కళ్లతో పెంచండి." ఇంటికొచ్చి నేను ఆ మాట చెబితే అత్తమ్మ మూతి తిప్పింది. "ముందు ఏమైందా? ముందు నువ్వు కోడలుగ వచ్చినవ్. గది చెప్పు మీ టీచరమ్మకు."

టీచర్ అన్నీ తెలిసిన మనిషి కాదు. మొదట్లో శీను సంగతికి ఆమె చెప్పిన ఉపాయం ఇంకోటి. నేను కంటికి కనపడకుండా ఉంటే, ఆకలైనప్పుడు వాడే ఎవరి చేత్తోనైనా తింటాడన్నారు. అలాగే చేశాం. పక్కింట్లో దాక్కుని కూర్చున్నాను. పొద్దుగూకే సరికి వాడు గడప మీద తోటకూర కాడలా వాలిపోయి ఉన్నాడు, మెతుకు మాత్రం ముట్టలేదు. తర్వాతి గురువారం ఏడుస్తూ ఆ సంగతి చెప్పాను. టీచర్ లేచి నిలబడి, అందరూ వినేలా, "నేను చెప్పింది తప్పు. ఇది ఇంకెవరూ చెయ్యకండి" అన్నారు. తర్వాత శీను పక్కన నేల మీద కూర్చుని వాడితో పాటు గిలక్కాయ తిప్పుతూ ఉండిపోయారు. నలుగురిలో తప్పు ఒప్పుకుని, మరుక్షణం మళ్లీ పనిలో పడిన పెద్దమనిషిని అంతవరకు నేను చూడలేదు. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది ఆ రోజే.

పిల్లల్ని మార్చుకోవాలన్న ఆలోచన సోమ్లిది. అది ఆలోచన అని కూడా ఆమెకు తెలియదు, మామూలుగా అనేసింది. "నాట్లప్పుడు బదులు పోతం గదక్కా, నీ పొలంల నేను, నా పొలంల నువ్వు. గట్లనే నీ పోరనికి నేను తినిపిస్త, నా పొల్లకు నువ్వు తల దువ్వు. దువ్వెనతోని నన్ను సూస్తెనే ఉరుకుతది." టీచర్ చెయ్యి బిస్కెట్ సంచిలో ఆగిపోయింది. "ఇది నేను చదివిన చోట ఎవరూ చెప్పలేదే!" అని, ఆ రోజు నుంచే మొదలుపెట్టించారు. తన బిడ్డ దగ్గరైతే తల్లికి భయం, తొందర. పక్కవాళ్ల బిడ్డ దగ్గర ఓపిక ఎక్కడి నుంచో వస్తుంది. నేను బుజ్జి చేతికే దువ్వెన ఇచ్చి, నా వీపు తిప్పి కూర్చునేదాన్ని. ఆ పిల్ల కొన్ని వారాలు నా జుట్టు చిందరవందర చేశాక, ఒకరోజు తనే వచ్చి నా ముందు వీపు తిప్పి కూర్చుంది. సోమ్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూసింది.

శీను మాత్రం సోమ్లి చేతి ముద్దకి నోరు తెరవలేదు. ఒకరోజు టీచర్ నన్నే తినిపించమని, మిగిలిన వాళ్లని కళ్లు మూసుకోమన్నారు. "ఇన్నాళ్లూ చూశాం. ఇవాళ విందాం." గరిడేపల్లి తాత కళ్లు మూసినవాడు మూసినట్టే నిద్రపోయి గురక పెట్టాడు, అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక నేను అన్నం కలపడం మొదలుపెట్టాను. మూలన ఉన్న శీను లేచి, వచ్చి, నా ముందు కూర్చుని నోరు తెరిచాడు. "కళ్లు తెరవండి. దానికి ముందు ఏమైంది?" అన్నారు టీచర్. "గాజులు" అంది సోమ్లి. అన్నం కలిపేటప్పుడు నా మట్టిగాజులు స్టీలు కంచం అంచుకి తగిలి చప్పుడు చేసేవి. ఆ చప్పుడైతేనే వాడికి అది అన్నం. సోమ్లి చేతికి ఉన్నవి వెడల్పు తండా గాజులు, వాటి మోత వేరు. అత్తమ్మ చేతులకి మా మామగారు పోయినప్పటి నుంచి గాజులే లేవు.

అందరి దగ్గరా ఉండే చప్పుడు కావాలన్నారు టీచర్. సంచిలోంచి చెంచా తీసి కంచం అంచున టంగుమని కొట్టారు. మొదట నా గాజులూ చెంచా కలిపి, తర్వాత నేను గాజులు పైకి తోసుకుని చెంచాతోనే, ఆ తర్వాత చెంచా సోమ్లి చేతిలో. ఎండాకాలం గడిచిపోయింది. మొదటి వానలప్పుడు వాడు సోమ్లి చేతి ముద్ద తిన్నాడు. సోమ్లి "తిన్నడు, తిన్నడు" అని తండా భాషలోనూ తెలుగులోనూ అరిచింది. ఆ అరుపుకి వాడు చెవులు మూసుకున్నాడు గానీ, నోట్లో ముద్ద మాత్రం నమిలాడు.

ఇక మిగిలింది అత్తమ్మ. ఆమె ససేమిరా అంది. "కంచం మోగిస్తరా ఎవలన్న? ఇంట్ల లక్ష్మి నిలుస్తదా? ఉన్న గింజ కూడ పోతది." టీచరే మా ఇంటికొచ్చి, "ఖాళీ కంచం కాదు పెద్దమ్మా, అన్నం పెట్టాకే కొట్టండి" అని బతిమాలారు. "అన్నం మీద కొడితె ఇంక పాపం. నువ్ చాయ తాగి పో బిడ్డా" అంది అత్తమ్మ. నేను సూర్యాపేటలో ఉన్నన్నాళ్లు తనే వచ్చి తినిపిస్తానని సోమ్లి మాటిచ్చింది. బదులు కదా. కానీ నొప్పులు చెప్పిన రోజుకన్నా ముందే వచ్చాయి. సోమ్లికి కబురు చేసే వ్యవధి కూడా లేదు. తాతయ్య నన్ను జీపులో ఎక్కించుకుని సూర్యాపేట తీసుకెళ్లాడు. గడపలో అత్తమ్మ, ఆమె వెనక చక్రం తిప్పుతూ శీను. వాడు తల ఎత్తలేదు.

మీ అమ్మ పుట్టింది. ఆడపిల్ల, క్షేమం అన్నారు. తాతయ్య ఇంటికెళ్లి మర్నాడు తిరిగొచ్చేదాకా నేను పాపని పక్కలో పెట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నాను. ఆయన వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, నేనడగకముందే నవ్వడం మొదలుపెట్టాడు.

"మా అమ్మ కొట్టిందే."

"ఎవరిని?"

"కంచాన్ని! పొద్దుగాల బతిలాడిందట, తిట్టిందట, ఏడ్సిందట. వాడు నోరు తెరవలె. ఇగ పొద్దుగూకినంక లక్ష్మి బయటికి పోకుంట తలుపులు మూసింది, కిటికీలు మూసింది, గొళ్లెం పెట్టింది. అప్పుడు కొట్టింది. వాడకట్టంత ఇనవడ్డదట. ఎదురింటోళ్లు ఏమైందో అని ఉరికొస్తె, లోపట్నుంచె 'నా మనమడు తింటుండు, పోండి' అన్నదట."

కుట్లు నొప్పెడుతున్నా నవ్వాను. నవ్వి నవ్వి ఏడ్చాను. ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో అన్నాల వేళ తలుపులు మూసే ఉండేవి. ఈ సంగతి విని టీచర్ ముక్కుతో నవ్వి, "చూసుకోండి, ఇక తలుపు మూస్తే గానీ తినడేమో!" అన్నారు. ఆమె అన్నంత పనీ అయింది. దాన్ని మాన్పించడానికి ఇంకో చలికాలం పట్టింది.

టీచర్ ఎప్పుడూ అడిగే ఆ ఒక్క మాట నాతోనే ఉండిపోయింది. మీ అమ్మ చిన్నప్పుడు అలిగితే, అత్తమ్మ చివరి రోజుల్లో ఊరికే విసుక్కుంటే, నోరు తెరిచే ముందు నాలో నేను అనుకునేదాన్ని, దానికి ముందు ఏమైంది అని. సగం కోపాలు అక్కడే చల్లారిపోయేవి.

మరుసటి ఏడు టీచర్‌ని ఇంకెక్కడికో పంపించారు. అప్పటికి మేం ఆమె లేకుండానే గురువారాలు కూర్చోవడం నేర్చుకున్నాం. చివరి రోజు మీ అమ్మని ఎత్తుకుని, శీను చెయ్యి పట్టుకుని బస్టాండుకి వెళ్లాను. ఆమె కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. పెళ్లయిందా, పిల్లలున్నారా, ఇంట్లో ఎవరున్నారు, ఏదీ మాకు తెలియదని అప్పుడు తట్టింది. అన్ని గురువారాల్లో మా గురించే మాట్లాడాం.

"టీచరమ్మా" అన్నాను, "మా దగ్గరికి వచ్చుడుకు ముందు మీకేమైంది?"

ఆమె నవ్వలేదు. పిల్లల్ని చూసినట్టే నా వైపు చూశారు. పెదవి కదిలింది. అంతలో కండక్టర్ రైట్ రైట్ అన్నాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, వేలి ఉంగరంతో బస్సు రేకు మీద టంగుమని కొట్టారు. శీను నా చెయ్యి వదిలించుకుని, ఆ జనం మధ్యలోనే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అన్నం కోసం నోరు తెరిచాడు. నేను వాడిని లేపి తలెత్తేసరికి బస్సు మలుపు తిరిగింది.

ముందు ఏమై ఉంటుంది చిన్నీ, ఆమెకి?