పండగ ముందు విప్పిన అచ్చు

తీజానీ పేరెత్తితే మా గఫ్సా ఊరి కాఫీ కొట్లలో ఇప్పటికీ నవ్వుతారు. "పంపు పగలగొట్టిన ఇంజనీరు" అంటారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను ఫాస్ఫేట్ కడిగే ప్లాంటులో పంపుల మెకానిక్‌ని. బురద తోడే పంపులో తిరిగే ఇనుప చక్రాన్ని ఆ ఫాస్ఫేట్ ఇసుక గీకి గీకి కొన్ని నెలలకే జల్లెడ చేసేస్తుంది. కొత్తది ఫ్రాన్సు నుంచి రావాలి. అది వచ్చేదాకా పాతదానికి అతుకులు వేస్తూ, మేనేజర్ల చేత చీవాట్లు తింటూ గడపాలి.

తీజానీ ఊళ్లో ఉన్న ఫౌండ్రీలో పరిశోధన చూసేవాడు. పరిశోధన అంటే పెద్ద భవనం అనుకునేరు, కొలిమి వెనక రేకుల గది. క్రోమియం ఎక్కువ కలిపిన పోత ఇనుమంటే అతనికి పిచ్చి. ఏళ్ల తరబడి చిన్న ముక్కలు పోత పోసి, ఇసుకతో రాపిడి పెట్టి, ఎంత అరిగిందో తూచుకునేవాడు. పెళ్లి విందులో కూడా కార్బన్ పాళ్ల గురించే మాట్లాడేవాడు. మేం కుస్‌కుస్ పళ్లేలు పట్టుకుని పక్కకి జరిగేవాళ్లం.

చివరికి అతని ముక్క ఫ్రెంచి ముక్క కంటే తక్కువ అరిగింది. బాగా బతిమాలించుకుని మా ప్లాంటు వాళ్లు ఒక్క అవకాశం ఇచ్చారు. అతని ఇనుముతో పోసిన చక్రం నిలిస్తే ఇకపై అన్నీ ఇక్కడే పోస్తారు, నిలవకపోతే రేకుల గదికి తాళం.

రంజాన్ నెల ఆఖరి రోజు పొద్దున అతను చక్రం పోత పోయించాడు. కావాలనే ఆ రోజు ఎంచుకున్నాడు. ఆ ఇనుము ఇసుక అచ్చులోనే మెల్లగా, పూర్తిగా చల్లారాలి. వేడి మీద తీస్తే కంటికి కనబడని పగుళ్లు పడతాయి. పండగ సెలవుల్లో దాని జోలికి ఎవరూ రారని మధ్యాహ్నానికే నిశ్చింతగా ఇంటికెళ్లాడు. ప్రతి ఏడూ అలాగే వెళ్లేవాడు కాబట్టి ఆ తర్వాత అక్కడ ఏం జరుగుతుందో ఎన్నడూ చూడలేదు. పండగ ముందు అచ్చులన్నీ విప్పి, నేల ఊడ్చి, నీళ్లు చల్లి గానీ ఫౌండ్రీ వాళ్లు ఇళ్లకు పోరు. అచ్చులో పోత వదిలేసి పండగ చేసుకోవడమంటే వాళ్లకి ఇంట్లో ఎంగిలి గిన్నెలు వదిలేసినట్టే.

సెలవులయ్యాక చక్రం కోసం లారీలో తీజానీని ఎక్కించుకుని నేనే వెళ్లాను. శుభ్రంగా రుద్ది, నూనె రాసి, తెల్లగుడ్డ మీద పెట్టారు దాన్ని. పక్కనే పళ్లెంలో ఖర్జూరం కూరిన మక్రూద్ మిఠాయిలు. ఫోర్‌మన్ లజ్‌హర్ మొహం వెలిగిపోతోంది. జీవితమంతా మ్యాన్‌హోల్ మూతలు పోసిన మనిషి. ఆ మూతల ఇనుముని అచ్చులోంచి ఎప్పుడు తీసినా ఏమీ కాదు.

"రా నాయనా, చూసుకో నీ పెళ్లికూతుర్ని! పండగపూట ఇసుకలో పడుండడమేంటని ఆ సాయంత్రమే బయటికి తీశాం. చేతులు కాలాయనుకో!"

తీజానీ పెద్దవాళ్లకి పెట్టే "సీ" మానకుండానే అడిగాడు. "అప్పటికి ఎంత వేడి ఉంది, సీ లజ్‌హర్?"

"సిగరెట్ అంటుకునేంత. ఉపవాసం కాబట్టి అంటించలేదు."

అందరూ పగలబడి నవ్వారు. తీజానీ సుత్తి తీసుకున్నాడు. కొడితే గంటలా మోగాలి, బొంగురుగా పలికితే పగులున్నట్టు. సుత్తి ఎత్తి, ముసలాయన మొహం చూసి, దించేశాడు.

"కొట్టి చూడలేదేం?" అని లారీలో అడిగాను.

"కొడితే వాళ్లందరికీ వినబడుతుంది హమ్మాదీ."

"అయితే ఇంకోటి పోయించు!"

"ఇంకో అవకాశం ఎవడిస్తాడు? వేడి మీద తీసినా కొన్ని నిలబడతాయిలే."

నిలబడలేదు. పంపులో బిగించిన మర్నాడే ముక్కలై, పంపు డొక్క చీల్చుకుని బయటికొచ్చింది. మోకాళ్ల లోతు బురదలో నేనే ఆ ముక్కలు ఏరాను. విచారణలో మేనేజరు ఒకటే అడిగాడు: తప్పు ఇనుముదా, పోతదా? ఫౌండ్రీ యజమాని అక్కడే కూర్చున్నాడు. తప్పు పోతదే అంటే లజ్‌హర్‌ని ఆ పూటే గెంటేసేవాడు, పదవీ విరమణ ముందర.

"పాళ్లు నావి, తప్పు నాదే" అన్నాడు తీజానీ.

గదికి తాళం పడింది. అతను ఫ్రెంచి చక్రాలు అమ్మే ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేరాడు. లజ్‌హర్ కాఫీ కొట్లో అతని వీపు తట్టి, "దిగులుపడకు నాయనా. మేం చేతులు కాల్చుకున్నా నిలవలేదంటే ఆ ఇనుములోనే సత్తువ లేదు" అనేవాడు. "నిజమే, సీ లజ్‌హర్" అనేవాడితను. నాకు పళ్లు పటపటలాడేవి. ముసలాయన ఉన్నంతకాలం నోరెత్తనని తీజానీ నా చేత ఒట్టు వేయించుకున్నాడు మరి.

పోయినేడు లజ్‌హర్ చనిపోయాడు. సంతాపం నలభయ్యో రోజు దాటాక, నిండు కాఫీ కొట్లో ఉన్నదంతా చెప్పేశాను. ఎవడో బల్ల మీద చరిచాడు: "చచ్చినవాడు జవాబు చెప్పలేడని వాడి మీదకి నెడుతున్నారా? సిగ్గులేదూ?"

తీజానీ అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. అందరూ అతని వైపు తిరిగారు. ఈసారైనా చెప్తాడనుకున్నాను.

"హమ్మాదీ మాటలు పట్టించుకోకండి" అన్నాడు. "సీ లజ్‌హర్ తొందరపడి ఏ అచ్చూ విప్పలేదు."